మా తోడికోడలి జట్టు



మా యింట మాస్టర్లు ఇరువురు. ఒకరు మా వారు. వారు ఉన్నతపాఠశాలలో గణితము బోధింతురు. రెండవవారు మా తోడికోడలు. ఆమె హైదరాబాదునందలి యొక సాఫ్టువేరు సంస్థలో స్క్రమ్ మాస్టరు. 2021 వ సంవత్సరమున కరోనా కారణమున ఆఫీసులు మూతపడి, ఎవరి పని వారింటనే చేసికొనవలసి వచ్చినప్పుడు, మా మరది బొంబాయిలో వంతెన పనిమీద నుండుటచే, ఆమె మూడేండ్ల పిల్లవానిని వెంటబెట్టుకొని అమలాపురములోని మా యింటికి వచ్చి పదునొకండు మాసములుండెను. ఆమె యుద్యోగము పేరు వినగానే మా అత్తగారు, "ఇంటికి ఒక్క మాస్టరు చాలడటమ్మా?" అని నవ్విరి.

నేను కళాశాల మొగము చూచినదానను కాను. మా నాయనగారు ఇంటియందే అమరము, బాలవ్యాకరణము, భారతము చెప్పిరి. కంప్యూటరు నెట్లు నడుపవలెనో నాకు తెలియదు. ఐనను పదునొకండు మాసములు తలుపు సందునుండి విన్నదానిని, రాత్రులు పెరటి యఱుగుమీద ఆమెతో మాటలాడి తెలిసికొన్నదానిని వ్రాయుచున్నాను. కూతురో కోడలో ఈ పనిలో నుండు ఇండ్లు నేడు మనలో తక్కువ కాదు. వారు రాత్రివేళ కంచము ముందు కూర్చుండియు ముద్ద ఎత్తకున్నప్పుడు, ఆ తలుపు వెనుక నేమి జరిగినదో మనకు తెలియవలదా?

ప్రతిదినము తొమ్మిదిన్నరకు ఆమె వీధిగదిలో కంప్యూటరు ముందు నిలువబడును. ఆమె జట్టువారు ఎనమండుగురు ఎనిమిది ఊళ్లలో నట్లే నిలువబడుదురు. నిన్న నేమి చేసితిమి, నేడేమి చేయుదుము, అడ్డమేమున్నది అని యొక్కొక్కరు చెప్పి పావుగంటలో ముగింపవలెను. కూర్చున్నచో మాట సాగునట. అందుచే నిలువుకాళ్ల నియమము. మన పేరంటములకు కూడ ఈ నియమము పెట్టిన బాగుండునని మా వారనిరి. నేను వినిపించుకొనలేదు.

ఈ పద్ధతిని అజైల్ అందురు. దీని సారము నాకు రవికె కుట్టువాని మూలమున బోధపడినది. పూర్వపు పద్ధతిలో, కొలతలన్నియు ముందే వ్రాసికొని, ఏడాది కూర్చుండి కుట్టి, తుదిని తెచ్చి యిత్తురు. అప్పటికి భుజము బిగువైనను చేయగలిగినది లేదు. ఈ పద్ధతిలో కచ్చాకుట్టు వేసి, పదునైదు దినములకొకసారి తొడిగి చూపి, సరిచేసికొనుచు పోవుదురు. ఆ పదునైదు దినముల గడువునకు స్ప్రింటని పేరు.

2001 వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను మంచుకొండల విడిదిలో పదునేడుగురు ప్రోగ్రాము విద్వాంసులు కూడి ఈ పద్ధతికి మూలమైన ప్రకటనను వ్రాసిరి. ఆ పదునేడుగురిలో ఒక్క స్త్రీయు లేదు; వారి చేత నొక గృహిణిని సంప్రదింపజేసినచో ఇంతకంటె ముందే తెలిసికొనియుందురేమో! ఆ ప్రకటనలో నాలుగు మాటలున్నవి. పద్ధతులకంటెను పనిముట్లకంటెను మనుష్యులును వారి మాటామంతియు మిన్న. విస్తారమైన పత్రములకంటె నడచు ప్రోగ్రాము మిన్న. ఒడంబడికపై బేరముకంటె కొనువానితో కలిసి పనిచేయుట మిన్న. వేసికొన్న పథకము వెంబడి పోవుటకంటె మార్పునకు లొంగుట మిన్న. మా తోడికోడలు దీనిని నాకు తెలుగున చెప్పినప్పుడు నేనొక్క సంగతి గమనించితిని. నాలుగింటను "కంటె" యున్నది. "మాని" యని లేదు. పంచమీ విభక్తికి వలన, కంటె, పట్టి యని ప్రత్యయములు. అందులో "కంటె" రెండు వస్తువులను ప్రక్కప్రక్కన నిలిపి తూచునేకాని యొకదానిని పారవేయదు. ఆ పదునేడుగురును ఆ మాట విడిగా వ్రాసియే యుంచిరట: రెండవవైపు వానికిని విలువ గలదు, మొదటివైపు వానిని ఎక్కువగా ఎంచుచున్నామని. ఆమె నా వంక చూచి, "అక్కా, మా జట్టులో ఎవరూ ఆ చివరి వాక్యం చదివినట్టు లేదు. పైవాళ్లు మొదటి వాక్యం కూడా చదవలేదు" అనెను.

వచ్చిన చిక్కంతయు నక్కడనే యున్నది. జట్టు ఈ విలువలను నమ్మి పని చేయును. జట్టు నిలుచున్న సంస్థ వేఱు విలువలపై నిర్మింపబడినది. దానికి తేదీ ముఖ్యము; ఒడంబడికలో వ్రాసిన దినమునకు పని ముట్టినచో సొమ్ము వచ్చును. సంతకములు ముఖ్యము. ప్రతి శుక్రవారము పైవారికొక రిపోర్టు పోవలెను. పని బాగుగ నడుచుచున్నచో పచ్చరంగు, సందేహమున్నచో పసుపు, చిక్కున్నచో ఎఱుపు వేయవలెను. వీనికి తోడు ఏటేట ఉద్యోగులను మెట్లవారీగా పేర్చుదురు. కొందఱు పైమెట్టున, కొందఱు నడుమ నుందురు. అందఱును బాగుగ చేసినను కొందఱు క్రింది మెట్టున నుండియే తీరవలెను. జట్టుగా చేయుడని చెప్పి, జట్టులో నెవడు తక్కువయని అడుగుట యెట్టి న్యాయమో నాకిప్పటికిని బోధపడలేదు.

వారు చేయు వస్తువు సామాన్యమైనది కాదు. ఆసుపత్రిలో రోగి నరములోనికి మందును గంటకింతయని కొలతప్రకారము పంపు యంత్రము గలదు. దానికి ఇన్ఫ్యూజన్ పంపని పేరు. దానిని నడుపు ప్రోగ్రాములో నొక భాగము వీరి జట్టుది. ఇట్టి వానికి 2006 లో వెలువడిన యొక అంతర్జాతీయ నియమావళి యున్నది. ప్రోగ్రాము తప్పినచో కలుగు హానినిబట్టి దానిని ఎ, బి, సి యని మూడు తరగతులుగా చేయుదురు. ప్రాణాపాయముగాని తీవ్రమైన గాయముగాని కలుగగలది సి తరగతి. ఎంత యపాయమో అంత వ్రాత. ఏ మాట యెందుకు వ్రాసితిమి, దానిని ఎవరు పరీక్షించిరి, ఎవరు సంతకము చేసిరి అని పత్రములు గొలుసుకట్టుగా నుండవలెను. ఆ పత్రములను అడిగి తీసికొనుటకు సంస్థలో నొక క్వాలిటీ ఆఫీసరుగారు గలరు. విశ్రాంతి వయసు సమీపించిన పెద్దమనిషి. జట్టులోని పిల్లలకు ఆయన పేరు చెప్పిన తలనొప్పి. ఆయన అడిగినప్పుడు, మేము అజైల్, మాకు పత్రములు లేవు అని వారు చెప్పి, గడువు ముంచుకొని వచ్చినప్పుడు మూడు నెలల పనిని రెండు రాత్రులలో జ్ఞాపకముమీద వ్రాసి పంపుచుండిరి. చదివిన పిల్లలకు గర్వముండదా? అజైలన్నది వారికొక మడి యైనది. మమ్ము తాకవద్దనుట!

మడియనగానే మా యింటి సంగతి యొకటి చెప్పవలసియున్నది. అది లేనిదే తరువాత జరిగినది తెలియదు.

మా అత్తగారు మడితో వండుదురు. పదునొకండు గంటలకుగాని వంట కాదు. అందాక పొయ్యి నెవరును తాకరాదు. మా తోడికోడలు తొమ్మిదికి తినినగాని తొమ్మిదిన్నరకు నిలువబడలేదు, మఱి రెండు గంటలవఱకు లేవలేదు. మొదటి మాసము ఇల్లు నిప్పులకుండ. ఆమె ఆకలితో నుండుటయు, అత్తగారు మాటలాడకుండుటయు, నేను నడుమ నలుగుటయు. ఆచారము పెద్దదా, ఆకలి పెద్దదా అని వాదించినచో వాదము తెగదు. ఒకనాటి మధ్యాహ్నము అత్తగారి కాళ్లకు నూనె రాచుచు, కోపమెందుకని అడిగితిని. ఆమె చాలసేపు ఊరకుండి, "నా తర్వాత మీ మామగారి తద్దినం వంట మడిగా ఎవరు చేస్తారే? నువ్వొక్కదానివి ఎంతకని చేస్తావు? ఆవిడకి పొయ్యిమీద భక్తి లేదు" అనిరి. ఆమెకు ఉప్మాతో వైరము లేదు. తద్దినము నిలిచిపోవునన్న భయము. తోడికోడలితో చెప్పితిని. ఆ పిల్ల పోయి, "అత్తయ్యా, ఆ రోజు సెలవు పెట్టి నేనే చేస్తాను, నేర్పండి" అనెను. ఆ వారమే అత్తగారు వెనుక వసారాలో రెండవ గ్యాసుపొయ్యి పెట్టించి, ఎనిమిదిన్నరకు తామే ఉప్మా చేసియిచ్చుట మొదలిడిరి. మడి మడిగానే యున్నది.

ఇక ఆఫీసు సంగతి. ఆషాఢమాసము. జట్టులో నొక పిల్ల యుండెను. చదువు ముగించి యేడాదియైన కాలేదు. ఆ గొంతుక నేను తలుపు వెనుకనుండి ఎఱుగుదును, మెల్లని గొంతుక. ఒక బుధవారమున ఆ పిల్ల, పంపు నడుచుచుండగా నర్సు మందు కొలతను మార్చినచో ఏమగునో ఆ పరీక్ష ఇంకను కాలేదని నిలువుకాళ్ల సభలో చెప్పెను. శుక్రవారము మేనేజరు ఫోను చేసెను. ఆ భాగము అయినదని పచ్చరంగు వేసినచో ఒడంబడికప్రకారము ఆ నెల సొమ్ము వచ్చును, పరీక్షయేమున్నది, వచ్చువారము చేయవచ్చును, పచ్చ వేయుమని. మా తోడికోడలు ఏమనెనో నాకు వినబడలేదు. రాత్రి అఱుగుమీద, "వేసేశాను అక్కా" అని మాత్రమనెను.

పండ్రెండు దినములకు కొనువారి పరీక్షాగృహములో తప్పు బయటపడినది. కొలత మార్చినను తెరపై పాత యంకెయే నిలిచెను. దైవవశమున నది పరీక్షాగృహమే కాని ఆసుపత్రి కాదు. సూదికి ఆవల రోగి లేడు. కాని, ఆ భాగమెవరిది యని పైనుండి ప్రశ్న వచ్చెను. ఆ భాగము ఆ పిల్లది. పేరు వ్రాసిరి. ఏటి లెక్కలో ఆ పిల్లను క్రింది మెట్టున నిలిపిరి. పరీక్ష కాలేదని నోరు తెఱచి చెప్పిన దొక్కతె. ఆ యొక్కతెకే ఫలము.

ఆ రాత్రి మా తోడికోడలు అన్నము ముట్టలేదు. వారి పద్ధతికి అయిదు విలువలు చెప్పుదురు: పూనిక, ఏకాగ్రత, దాపరికము లేమి, గౌరవము, ధైర్యము. 2016 లో వారి నియమగ్రంథములో చేర్చినవట. ఆమె బల్లకెదురుగా గోడకు అంటించియుండిన ఆ కాగితమును తీసి మడిచి లోపల పెట్టుట చూచితిని. ఉద్యోగము మానెదననెను. సంస్థ మారదు, దాని విలువలు వేఱు, మా విలువలు వేఱు అనెను. ఆ క్వాలిటీ ఆఫీసరు కూడ నిప్పుడు కాగితములన్నియు మఱల వ్రాయుమనుచున్నాడని యేడ్చెను.

నాకు తోచినది చెప్పితిని. "ఆయన తద్దినం ఏమిటో ఎప్పుడైనా అడిగావా?" అంటిని.

ఆమెకు మొదట కోపము వచ్చెను. మూడు దినములు గడచినవి. నాలుగవనాడు ఆయనకు ఫోను చేసి, కాగితముల సంగతి కాదండీ, మీరు దేనికి భయపడుచున్నారో చెప్పుడని అడిగెను. ఆయన గంటసేపు మాటలాడిరి. చెప్పిన కథ యిది.

1985 కును 1987 కును నడుమ అమెరికా కెనడా దేశముల ఆసుపత్రులలో, పుట్టకురుపు రోగులకు కిరణచికిత్స చేయు థెరాక్-25 అను యంత్రము ఆరుగురికి మితిమీరిన కిరణముల నిచ్చెను. వారిలో కొందఱు ఆ గాయములచేతనే మరణించిరి. అంతకుముందటి యంత్రములలో నిట్టి యపాయము రాకుండ విడిగా అడ్డుకట్టలుండెడివి. ఇందులో వానిని తీసివేసి ప్రోగ్రామును నమ్మిరి. టెక్సాసులోని టైలర్ అను నూర, యంత్రమును నడుపు స్త్రీ ఒక యక్షరము తప్పుగా కొట్టి వెంటనే దిద్దుకొనెను. చేయి వేగముగలది, ఆ వేగమును యంత్రము లోపల నందుకొనలేకపోయినది. తెరపై 54 అను నంకెతో నేదో లోపమని కనబడెను. అట్టి సూచనలు దినదినము వచ్చునవే. దాటి ముందుకు పొమ్మని యొక మీట నొక్కుట వాడుక. యంత్రమును చేసినవారు, అధికకిరణము వచ్చుట అసంభవమని చెప్పుచు వచ్చిరి. తుదకు ఆమెయు, ఆ యాసుపత్రి భౌతికశాస్త్రజ్ఞుడును కూర్చుండి, ఆ యక్షరములనే అంతే వేగముగ మఱల మఱల కొట్టి, ఆ తప్పును పట్టి చూపిరి. ఆ తరువాత నాన్సీ లెవెసన్ అను విదుషి మఱియొకరితో కలిసి ఈ వృత్తాంతమంతయు శోధించి 1993 లో వ్రాసెను. ఆ ప్రోగ్రామును గుఱించిన వ్రాత ఎంత తక్కువయో, పరీక్ష యెంత తక్కువయో అందులో నున్నదట.

"అది చదివినప్పట్నుంచి నాకు ఆ కాగితాలంటే భయం కాదమ్మా, అవి లేకపోతే భయం" అని ఆయన యనిరట. మఱియొక మాటయు ననిరి: ఆ శుక్రవారపు పచ్చరంగు ఆయన దస్త్రములోను ఉన్నది, తప్పుడు పచ్చ ఆయనకును ద్రోహమే. అంతేకాక, అజైల్ పద్ధతిని ఈ వైద్యనియమములతో పొసగునట్లు నడుపుట యెట్లో 2012 లోనే అమెరికా వైద్యపరికరముల సంఘమువారు మార్గదర్శకమును ప్రకటించిరట. అది ఆయన బీరువాలో తొమ్మిదేండ్లనుండి యున్నది. ఎవరును అడుగలేదు, ఆయనయు ఈయలేదు.

మా తోడికోడలు ఆ రాత్రి చెప్పినది నాకిప్పటికిని జ్ఞాపకము. సంస్థ యనగా నొక్క మనస్సని తాననుకొనెనట. అది కాదు. దానిలో తేదీని నమ్మువారు గలరు, భద్రతను నమ్మువారు గలరు, ఏమియు నమ్మక జీతము పుచ్చుకొనువారును గలరు. జట్టునకు వైరులనుకొన్నవారిలో సగము మంది జట్టు పక్షమే. కాని వారి భాష వేఱు. మా వారు ఈ మాట విని, తమ బడిలోను రిజిస్టరు అడుగువానిని పదేండ్లు శత్రువుగా చూచితినని చెప్పి, కొంచెము సేపు నవ్వలేదు.

అయినను మేనేజరు సంగతి యేమి? అతనితో ఎట్లు మాటలాడవలెను? నాకు తెలిసిన రాయబారము భారతములోనిది. సంజయుడు కౌరవులనుండి వచ్చి శాంతి మంచిదని తీయగా మాటలాడెనుగాని, చేతిలో పాండవులకిచ్చునది యొక్కటియు లేదు. ధర్మరాజు అయిదూళ్లిచ్చిన చాలుననెను. విలువలను గుఱించి వాదించినచో సంజయుని మాట యగును, ఊళ్లు అడుగుమంటిని. ఆమె నవ్వి, "ఆ రాయబారం కుదరలేదు కదా అక్కా, సూదిమొనంత నేల కూడా ఇవ్వనన్నాడు" అనెను. నిజమే. అయినను ఏయూళ్లు అడిగిరో లోకమునకు తెలిసినది కదా యంటిని.

వారు కూర్చుండి అయిదు కోరికలు వ్రాసికొనిరి. "అయినది" అన్న మాటకు అర్థమేమో ఒక కాగితమున వ్రాసి జట్టును క్వాలిటీ ఆఫీసరును సంతకము చేయవలెను. ఆ యర్థమునకు సరిపడనిదే ఎవరును పచ్చ వేయరాదు. పత్రములు తుదిని కాక, ఆ స్ప్రింటులోనే, ఆయన కోరిన నమూనాలోనే జట్టు వ్రాయవలెను. ఇది జట్టు దిగివచ్చిన సంగతి, పిల్లలు గొణిగిరట. రంగుల రిపోర్టుతో పాటు, పక్షమునకొకసారి మేనేజరును కొనువారి మనిషియు కూర్చుండి పంపు నడుచుట కంటితో చూడవలెను. నాలుగవది, తప్పున్నదని ఎవరు చెప్పినను పని ఆపవలెను. చెప్పినవారి పేరు వారిమీద వ్రాయరాదు. అయిదవది, ఒక జట్టువారిని ఒండొరులతో పోల్చి మెట్లెక్కించుట మానవలెను, ఆ పిల్ల మెట్టు సవరింపవలెను.

నాలుగవదానికై ఆమె చూపిన దృష్టాంతము నాకు మిక్కిలి నచ్చినది. జపానులోని సకిచీ టొయోడా అను నతడు, పోగు తెగినచో తనంతట తానే ఆగునట్టి మగ్గమును కల్పించెను. మన బండారులంక నేతగాడు పోగు తెగినచో మగ్గమాపి ముడివేసినగాని ముందుకు పోడు. ఆ తెలివిని యంత్రమునకు పెట్టినాడన్నమాట. ఆ కుటుంబమువారే తరువాత టొయోటా కార్ల కర్మాగారము పెట్టి, పనివాడు తప్పు చూచినచో త్రాడు లాగి వరుసనంతయు ఆపవచ్చుననిరి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు అను నూర జనరల్ మోటార్సువారి కర్మాగారము పనివారికిని యజమానులకును పొసగక 1982 లో మూతపడెను. 1984 లో టొయోటావారు వారితో కలిసి దానినే తెఱచి, చాలవఱకు ఆ పాత పనివారినే తీసికొని, చేతికి ఆ త్రాడు నిచ్చిరి. వెనుక పనికిరారనిపించుకొన్నవారే మేలైన కార్లు చేసిరి. కాని జనరల్ మోటార్సువారు ఆ పద్ధతిని తమ తక్కిన కర్మాగారములకు కొనిపోవుటకు చాల యేండ్లు పట్టినది. త్రాడు కట్టుట సులభము. లాగినవానిని కసరకుండుట కష్టము.

మేనేజరుతో సభకు ముందు ఆమె మఱియొక పని చేసెను. అది నేను చెప్పినది కాదు. జట్టువారందఱు స్ప్రింటు తుదిని కూర్చుండి, ఏమి బాగుగ జరిగినది, ఏమి చెడినది అని వెనుకకు చూచుకొను సభ యొకటి గలదు. మేనేజరును దానికి పిలిచి, అందఱు వినుచుండగా, "ఆ పచ్చరంగు నేను వేశాను. పరీక్ష అవలేదని నాకు తెలుసు. ఆ అమ్మాయి చెప్పింది. తప్పు నాది" అనెను. తలుపు వెనుక నా చేతిలోని చాట కదలలేదు. ఆవల చాలసేపు ఎవరును మాటలాడలేదు.

అయిదూళ్లలో మూడు దొరకినవి. మొదటి రెండింటికి క్వాలిటీ ఆఫీసరుగారే ముందు నిలిచి వాదించిరి. మూడవదానికి మేనేజరు ఇష్టపడెను; కంటితో చూచుచున్నచో తనకును నిద్ర పట్టుచున్నదని పిమ్మట చెప్పెనట. అతని తద్దినము తేదీ కాదు. పైవారియెదుట తెలియనివానివలె నిలువబడవలసి వచ్చునన్న వెఱపు. నాలుగవది సగము దొరకినది: ఆపవచ్చును, కాని ఎన్నిసార్లు ఆపిరో లెక్క వ్రాయుదురు. అయిదవది సూదిమొనయే. మైక్రోసాఫ్టువంటి సంస్థ 2013 లోనే అట్టి మెట్లలెక్కను మానుకొన్నదని ఆమె చెప్పినను, అది మన చేతిలోనిది కాదు, పైనుండి వచ్చినదనిరి. ఆ యేట రావలసిన పెద్ద పదవి ఆమెకు రాలేదు. కారణమెవరును చెప్పలేదు.

ఆ పిల్ల కార్తికమాసమున ఉద్యోగము మానెను. చివరినాడు నిలువుకాళ్ల సభలో ఆ మెల్లని గొంతుక, నిన్న నేమి చేసెనో చెప్పి, నేడు తన పని అప్పగించుచున్నానని చెప్పి, అడ్డములేమియు లేవనెను. మా తోడికోడలు సభ ముగించి వచ్చి వంటింటి గడపమీద కూర్చుండెను. అత్తగారు పిల్లవానిని పెరటిలోనికి తీసికొనిపోయిరి.

ఆ మాఘమున మామగారి తద్దినమునకు ఆమె సెలవు పెట్టి, తడిబట్టతో నిలువబడి, అత్తగారు చెప్పగా వంటయంతయు చేసెను. గారెలు కొంచెము గట్టిపడినవి. పిమ్మట ఆఫీసులు తెఱచుటచే హైదరాబాదు పోయినది. ఆ సంస్థలోనే యున్నది.

మొన్నటి సంక్రాంతికి అందఱును వచ్చిరి. కనుమనాటి యుదయమున ఆమెకు ఫోను వచ్చెను. పేరు చూచి ఒక క్షణము సంశయించి, తీసికొని పెరటిలోనికి పోయెను. ఆ పిల్లయే. వేఱొక సంస్థలో నున్నదట; అచ్చట ఈమెవంటి పనియే చేయుచున్నదట, ఏదో అడుగుటకు పిలిచినది. కొబ్బరిచెట్టు క్రింద నిలువుకాళ్లమీదనే మాటలాడుచుండెను. పావుగంట దాటినది, అరగంట దాటినది. అత్తగారు వసారాలోనుండి, "ఇంకా సభ అవలేదటే?" అని అడిగిరి. నేను రెండవ పొయ్యిమీది ఉప్మాకు సెగ తగ్గించి మూత పెట్టితిని.